కింది వరుసలో ముఖం

బస్సులో కూర్చుంటే నేను గోడల వైపు చూడను. మా ఇల్లు వాషర్‌మెన్‌పేట్‌లో. నాన్న వదిలి వెళ్ళిన ఫోటో స్టూడియో చింతాద్రిపేటలో. రోజూ జార్జి టౌన్ మీదుగా వచ్చిపోతాను. ఆ దారిలో గోడలన్నీ పోస్టర్లే. సినిమాలవి, పార్టీలవి, గుడి ఉత్సవాలవి. వాటి మధ్య చావు పోస్టర్లు. ఈ ఊళ్ళో మనిషి పోతే పూట తిరక్కముందే ఆ ముఖం వీధి మొదట్లో, ఆటోల వెనక, కరెంటు పెట్టెల మీద కనబడుతుంది. పైన తమిళంలో కన్నీటి నివాళి అని రాసి ఉంటుంది. మధ్యలో పోయిన మనిషి ఫోటో పెద్దగా ఉంటుంది. కింది వరుసలో, చిన్న చిన్న గుండ్రాల్లో, బతికున్న బంధువుల ముఖాలు, స్నేహితుల ముఖాలు. ముసలివాళ్ళ పోస్టర్లు చూడగలను. ఇరవై ఏళ్ళవాళ్ళవి చూడలేను. వాళ్ళ ఫోటోలు చాలా బాగుంటాయి.

మా తమ్ముడి పోస్టర్‌లో ఉన్న ఫోటో నేను తీసిందే. వాడికప్పుడు ఇరవై రెండు. స్టూడియో వెనక సందులో కొత్త బండి మీద కూర్చుని, కూలింగ్ గ్లాస్ నుదుటి మీదికి తోసి, ఒక చెయ్యి జుట్టులోకి పోనిచ్చి, కింద నుంచి తియ్యమన్నాడు. అలా తీస్తేనే గెత్తుగా ఉంటుందన్నాడు. గెత్తు అంటే మా ఊళ్ళో దర్జా, తెగువ, నన్ను చూడు అనడం, మూడూ కలిసిన మాట. నేను నేల మీద కూర్చుని తీశాను. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున స్నేహితులతో సముద్రం పక్క రోడ్డు మీద పందెం వేసుకుని వెళ్ళి, ఆగి ఉన్న లారీకి గుద్దుకున్నాడు. ఆ స్నేహితులే పోస్టర్ వేయించారు. మమ్మల్ని అడగలేదు. నా ఫోటోలోంచి వాణ్ణి కత్తిరించి వెనకాల ఆకాశం పెట్టారు. బండి తీసేశారు. అందుకని వాడు గాలిలో కూర్చున్నట్టు ఉన్నాడు. కింది వరుసలో నా ముఖం కూడా ఉంది, ఎప్పుడో లైట్లు సరిచూసుకోవడానికి నాన్న తీసిన పాస్‌పోర్ట్ ఫోటో. వానలు వచ్చేదాకా ఆ పోస్టర్ మా ఇంటి ఎదురు గోడ మీదే ఉంది.

ఫోటోకీ చావుకీ ఉన్న చుట్టరికం గురించి చాలామంది పుస్తకాలు రాశారు. తమ్ముడు పోకముందే నేను వాటిని చదివాను, వాక్యాల కింద గీతలు గీసుకుంటూ. తర్వాత మళ్ళీ తెరిచి చూస్తే ఆ గీతలు ఇంకెవరో, ఏమీ పోగొట్టుకోని మనిషి, గీసినట్టు ఉన్నాయి. అవి మూసేసి పని చూసుకున్నాను. పాస్‌పోర్ట్ ఫోటోలు, స్కూలు ఫారాల ఫోటోలు, పోయినవాళ్ళ చిన్న ఫోటోలను పెద్దవి చేసి ఇవ్వడం. వయసులో ఉన్నవాళ్ళు స్టైలుగా తియ్యమని వస్తే, పక్క వీధిలో ఇంకో స్టూడియో ఉందని చెప్పి పంపేదాన్ని.

ఆదివారం పొద్దున మాత్రం ఇంట్లో ఉండలేకపోయేదాన్ని. ఆ గంటల్లో వీధిలో ఏ బండి గట్టిగా మోగినా నా చేతులు చల్లబడేవి. అందుకని జార్జి టౌన్‌కి పోయి నడిచేదాన్ని. మిగతా రోజుల్లో అక్కడ కాలు పెట్టే చోటుండదు. ఆదివారం షట్టర్లన్నీ మూసి ఉంటాయి. తోపుడు బండ్లు గోడలకు ఆనించి ఉంటాయి. రెండేళ్ళ కిందట అలా నడుస్తుంటే ఒక సందులో ఏడెనిమిది మంది పిల్లలు చిన్న స్పీకర్ పెట్టుకుని ఆడుతున్నారు. అలవాటు కొద్దీ కెమెరా సంచి నా భుజాన ఉంది. ఒకడు చూసి తియ్యమన్నాడు. వద్దనడానికి నోరు తెరిచి, ఒక విషయం తట్టి ఆగిపోయాను. వీళ్ళు ఇక్కడ నా ముందు ఆడుతున్నంతసేపూ ఆ సముద్రం రోడ్డు మీద ఉండరు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. ఎందుకొస్తున్నానో వాళ్ళకు చెప్పలేదు. ఎండ ముదిరి, వాళ్ళు ఆకలితో ఇళ్ళకు పోయేదాకా తీస్తూనే ఉండేదాన్ని. ఒకడు తండ్రి లుంగీని మోకాళ్ళ పైకి కట్టి కింద బాస్కెట్‌బాల్ బూట్లు వేసుకొచ్చేవాడు. ఇంకొకడు చెవి పైన మెరుపు ఆకారంలో జుట్టు గొరిగించుకున్నాడు. వాళ్ళను నిలబెట్టి తీస్తే ఏమీ రాదని మొదటి వారమే తెలిసింది. నిలబడితే స్కూలు ఫోటోలోలాగా బిగుసుకుపోయేవాళ్ళు. పాటలో తాళం దెబ్బ పడేముందు, మోకాలు వంగి ఒళ్ళు లేవబోయే క్షణం ఒకటుంటుంది. అప్పుడు నొక్కాలి. ముఖం స్పష్టంగా, పాదాలు చెదిరి వచ్చేవి. ఇంటికొచ్చి ఆ చెదిరిన పాదాలే చాలాసేపు చూసేదాన్ని.

వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది. పంతొమ్మిదేళ్ళు. మా పేటలోనే చీరల కొట్లో పని. కొట్లో ఒప్పుకోరు కనుక వారమంతా నూనె పెట్టి జుట్టు బిగించి ముడేసుకునేది, ఎడమ కనుబొమ్మ మధ్యలో గొరిగించుకున్న గీతను కాటుక పెన్సిల్‌తో పూడ్చుకునేది. ఆదివారం ముడి విప్పితే కింది సగం జుట్టు ఊదారంగు. జాకెట్టు ముక్కలు అతికి తనే కోటు కుట్టుకుంది. ఎన్ని రంగులున్నాయో, ఒక్కటీ పక్కదానితో గొడవ పడదు. ఒకసారి నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని దగ్గరికి వచ్చి, మీరు మనోళ్ళేనా అక్కా అని అడిగింది. వాళ్ళ కుటుంబం ఇక్కడికి ఎప్పుడు వచ్చిందో వాళ్ళకే తెలియదు. మిగతావాళ్ళతో తమిళం, నాతో తెలుగు. తోపుడు బండి మీద నుంచి ఆమె దూకుతుంటే తీసేదాన్ని. అంత ఎత్తుకే భయపడి, ఆమె పాదాలు నేలకు తగిలాకే కెమెరా దించేదాన్ని.

ఈ ఏడాది ఎండాకాలంలో ఒక ఆదివారం ఆమె వాళ్ళ అవ్వను వెంటబెట్టుకొచ్చింది. నిజానికి అవ్వే వెంటబడి వచ్చింది. వారం వారం పొద్దున్నే మనవరాలు ఎక్కడికి పోతోందో, ఎవడి కోసమో చూడాలని ఆటో ఎక్కింది. వచ్చి తోపుడు బండి మీద కూర్చుని, వక్కాకు నములుతూ కాసేపు చూసింది. ఎవడూ లేడని నమ్మకం కుదిరాక తిట్టడం మొదలుపెట్టింది.

"ఈడ ఎగరను కోడి కూసేలోపల లేస్తావే, ఇంట్లో నీళ్ళు పట్టను మాత్రం లేవవు."

అందరూ నవ్వారు. లుంగీ కుర్రాడు తన కూలింగ్ గ్లాస్ తీసి అవ్వకు ఇచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, పమిటతో తుడిచి పెట్టుకుంది. వెంటనే గడ్డం పైకెత్తింది. ఎవరూ చెప్పలేదు. నా వైపు తిరిగి, "తియ్యమ్మా. నేను పోతే రేషన్ కార్డులో మొఖమే వేస్తారు ఈళ్ళు, అది దొంగ మొఖం మాదిరి ఉండాది" అంది. రెండు తీశాను. మొదటిదే బాగా వచ్చింది. పెదవి చివర వక్కాకు ఎరుపు, అద్దాల్లో మూసిన షట్టర్లు, గడ్డం కింద వేళ్ళు.

అవ్వ దిగగానే మనవరాలు అదే బండి మీదికెక్కింది. అదే కూలింగ్ గ్లాస్ నుదుటి మీదికి తోసింది. ఒక చెయ్యి జుట్టులోకి పోనిచ్చింది.

"కింద నుంచి తియ్యక్కా. నా పుట్టినదినానికి బ్యానర్ వేస్తామంటా ఉండారు. కట్ చేసేదానికి సులువుగా ఉండాల."

నొక్కాను. వేలు తన అలవాటులో తను నొక్కింది.

"సూపర్‌గా వచ్చింటాది. నేను చచ్చినా ఇదే వెయ్యండి."

అవ్వ ఆమె నెత్తిన ఒక్కటి మొట్టింది. ఇంకెవరూ పట్టించుకోలేదు. ఆమె దూకి దిగి, లుంగీ కుర్రాడి బండి నడపడం నేర్చుకున్నాననీ, పైవారం అందరూ సముద్రం రోడ్డుకి పోతామనీ, నన్ను కూడా రమ్మనీ చెప్పింది. తల ఊపినట్టున్నాను.

తీసిన ఫోటో ఆ రోజే చేతికివ్వాలని నాన్న నియమం. ఇవ్వకుండా పెట్టుకుంటే అది దొంగతనంతో సమానమనేవాడు. ఆ రోజు స్టూడియోకి పోయి ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూశాను. కింద నుంచి తీసినందువల్ల ఆమె ముఖం వెనక షట్టర్ల పైనున్న ఖాళీ గోడే పడింది. కత్తిరించడం చాలా తేలిక. ఎవరైనా పది నిమిషాల్లో చేసేస్తారు. నేను మూఢనమ్మకాలున్న మనిషిని కాను. పిల్లి ఎదురొస్తే ఆగను. అయినా ఆ ఫోటో నా దగ్గర ఉన్నంతకాలం ఏ గోడ మీదా పడదనీ, గోడ మీద పడకపోతే ఆమె ఉంటుందనీ నాకనిపించింది. ఇందులో తర్కం లేదని తెలుసు. తెలిసే ఆ రోజు తీసినవన్నీ ఒక చోట దాచి, కెమెరాలో కార్డు పాడైపోయిందని ఆమెకు కబురు పెట్టాను.

తర్వాతి ఆదివారం ఆమె ఒక్కతే సందుకు వచ్చి, కార్డును ఎక్కడైనా బాగు చేయిస్తారేమో అడిగింది. నేను కనుక్కున్నాను, కుదరదన్నారు అన్నాను. అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకు తెలియదు.

"నాదైతే మళ్ళా తీసుకోవచ్చులే అక్కా. అవ్వది పోయిందే అని. అవ్వకు మళ్ళా రాను కాదు ఇంత దూరం, మోకాళ్ళు వాచిపోయుండాయి."

ఆ మాట విన్నాను. విని కూడా ఊరుకున్నాను. ఆ పూట మిగతావాళ్ళు సముద్రం రోడ్డులో తన కోసం కాచుకుని ఉన్నారంటూ ఆమె వెళ్ళిపోయింది. సందు చివర బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. నేను షట్టర్ల ముందు గట్టు మీద కూర్చుని, పదకొండింటికి ఆమె ఫోటో ఒకటి ఫోన్‌లో మా గుంపులో పెట్టేదాకా అక్కడే ఉన్నాను. సముద్రం ముందు నిలబడి నాలుక బయటపెట్టి ఉంది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు సందుకు ఎవరూ రాలేదు. ఆడే చోటు మార్చారేమో, అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అన్న భయం. రెండో ఆదివారం దాటిన మంగళవారం మధ్యాహ్నం స్టూడియోలో ఒక పెద్దాయనకు పాస్‌పోర్ట్ ఫోటో తీసి వచ్చి చూసుకుంటే, ఫోన్‌లో ఆమె దగ్గర్నుంచి మూడు కాల్స్ ఉన్నాయి. వరసగా మూడు. తమ్ముడి సంగతి తెలిసింది కూడా ఫోన్‌లోనే, మూడోసారి మోగినప్పుడు. నేను వెంటనే చెయ్యలేదు. ఆమే అయితే ఫోటోల గురించి అడుగుతుంది. ఆమె కాకపోతే, ఆమె ఫోన్ నుంచి ఇంకెవరో చేస్తున్నట్టు. మర్నాడు ధైర్యం తెచ్చుకుని చేస్తే స్విచ్ ఆఫ్. గురువారం కూడా అంతే.

శుక్రవారం పొద్దున బస్సు మా పేట దాటబోయేముందు సరుకు దించుతున్న తోపుడు బండి అడ్డమై ఆగింది. ఎండ పడుతోందని తల తిప్పాను. కిటికీకి ఎదురుగా గోడ మీద చావు పోస్టర్. పైసగం మీద ఒక కొట్టువాడి టార్పాలిన్ పట్టా వేలాడుతోంది. కింద మూల మాత్రం కనబడుతోంది. అందులో ఆ అమ్మాయి ముఖం.

నూనె పెట్టి బిగించిన జుట్టు. గీత లేని కనుబొమ్మ. చీరల కొట్టువాళ్ళు గుర్తింపు కార్డుకు తీసిన ఫోటో. అది చూశాక నాకు అనుమానం మిగల్లేదు. రంగు జుట్టున్న కూతురు పోతే ఇంట్లో పెద్దవాళ్ళు అలాంటి ఫోటోనే వెతికి ఇస్తారు. స్టూడియోలో అలాంటివి ఎన్నో పెద్దవి చేశాను.

బస్సు కదిలింది. ఆపమని అనలేకపోయాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. ఆ దూరం ఎంతో నాకు మామూలుగా తెలుసు, ఆ రోజు తెలియలేదు. ఎవరో ఢీకొని తిట్టారు. నడుస్తూ నేను ఆలోచించింది ఒకటే. ఫోటో ఇవ్వలేదు కదా, నా దగ్గరే ఉంది కదా అని. ఎవరితోనో వాదిస్తున్నట్టు అదే పదే పదే అనుకున్నాను.

గోడ దగ్గరికి వచ్చి పట్టా పైకెత్తాను.

మధ్యలో ఉన్నది అవ్వ. రేషన్ కార్డులో గోరంత ఫోటోను అడుగున్నర చేశారు. కళ్ళు ఎక్కడున్నాయో ఊహించుకోవాలి. నోరు ఒక మచ్చ. కింది వరుసలో మూడో గుండ్రంలో మనవరాలు. ఆ వరుసలో ఉండేది బతికున్నవాళ్ళని ఈ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకప్పుడు నా ముఖమే ఆ వరుసలో ఉంది. అయినా బస్సులో అది నాకు గుర్తు రాలేదు.

నాకు మొదట సంతోషం కలిగింది. అది రాయకుండా దాటిపోవచ్చు, కానీ కలిగింది. ఒక ముసలామె చావు పోస్టర్ ముందు నిలబడి నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆ అలుక్కుపోయిన ముఖం మళ్ళీ చూశాను. మంగళవారం ఆ మూడు కాల్స్ ఎందుకో అర్థమైంది.

స్టూడియోకి పోయి, దాచినవన్నీ ఫోన్‌లోకి ఎక్కించుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఇల్లు వెతకనక్కర్లేదు, సందు మొదట్లోనే ఇంకో పోస్టర్ ఉంది. ఆమె మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగింది. అవ్వ నిద్రలో పోయిందని, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదని చెప్పింది. ఆ గొడవలో ఫోన్ ఎక్కడో పడేసుకుందట, నిన్న రాత్రే దొరికిందట.

"పోస్టర్ వేసేవాడు గంటలో ఫోటో కావాలన్నాడు. కార్డులోంచి ఏమన్నా పీక్కోను అయితాదేమో అడగదామని నీకు చేసినా."

కార్డు పాడవలేదని చెప్పాను. ఫోన్ చేతికిచ్చాను. ఆమె చెయ్యి లంగాకు తుడుచుకుని తీసుకుంది. అవ్వను చూసింది. వేళ్ళతో పెద్దది చేసి పెదవి చివర ఎరుపు చూసింది, తర్వాత గడ్డం కింది వేళ్ళు. తర్వాతి ఫోటో జరిపితే తనదే వచ్చింది.

"ఇదెందుకు దాస్తివి?"

తమ్ముడి సంగతి చెప్పాను. రెండేళ్ళలో మొదటిసారి. చెప్పడానికి నాలుగు వాక్యాలు కూడా పట్టలేదు. ఆమె ఉల్లిపాయ పొట్టు చూస్తూ వింది.

"నేను చస్తానని భయపడితివి."

అవునన్నాను.

"నేను ఉండా గదా. నీ భయానికి మా అవ్వకే మొఖం లేకుండా పాయె."

గొంతు పెంచలేదు. ఆమె మళ్ళీ కత్తి తీసుకుంది. నేను ఇంకో కత్తి వెతుక్కుని పక్కన కూర్చుని ఒలిచాను.

ఈ ఊళ్ళో పదహారో రోజు కర్మకి మళ్ళీ పోస్టర్ వేస్తారు. అది నా స్టూడియోలో నేనే చేశాను. అమ్మాయి, వాళ్ళ మేనత్త వచ్చి నా వెనక కూర్చున్నారు. పోయిన మనిషికి కూలింగ్ గ్లాసేంది, వీధిలో నవ్వరా, చెరిపేసి కళ్ళు పెట్టమంది మేనత్త.

"అవ్వ పెట్టుకోనింది, నేను పెట్టలేదు. నవ్వనీ. అవ్వను చూసి నవ్వితే ఎట్టుంటాదో వాళ్ళకే తెలుసు" అంది అమ్మాయి. మేనత్త ముక్కు చీది, సరే కానీ అంది.

అవ్వను కత్తిరించలేదు. వెనక షట్టర్లు, తోపుడు బండి అన్నీ అలాగే ఉంచాను. కింది వరుసకు వచ్చేసరికి అమ్మాయి తన కొట్టు ఫోటో తీసెయ్యమంది. నుదుటి మీద కూలింగ్ గ్లాస్, ఊదా జుట్టు, కనుబొమ్మలో గీత ఉన్న ఆ ఫోటోనే పెట్టమంది. అవ్వ చూసిన జుట్టు అదే కదా అంది.

నేను మౌస్ మీద చెయ్యి పెట్టి ఆగాను. ఇన్ని వారాలు ఏ పని జరగకూడదని అబద్ధమాడానో ఆ పని నా చేత్తో చెయ్యాలి. కన్నీటి నివాళి అన్న మాట కింద ఆమె ముఖం పెట్టాలి. ఆమె నా భుజం మీదుగా వంగి తెర చూస్తోంది. ఊపిరి నా చెవికి తగులుతోంది. ఖాళీ గోడలోంచి ఆమెను కత్తిరించాను. అనుకున్నట్టే చాలా తేలికగా వచ్చింది. గుండ్రంలో పెట్టాను. నా బొటనవేలి గోరంత ఉంది.

ఇంకొంచెం ఎడంపక్కకు, జుట్టు కనబడట్లేదు అంది. జరిపాను.

ఆ రోజే ఫోటోలన్నీ ఆమె ఫోన్‌కు పంపాను. ఇప్పుడు అవి ఆమె దగ్గరే కాదు, ఎంతమంది దగ్గర ఉన్నాయో తెలియదు. ఆదివారాలు మళ్ళీ సందుకు వస్తున్నారు. తీసినవి పన్నెండింటికల్లా చేతికిచ్చేస్తున్నాను. కొన్ని వారాలు వాళ్ళు సముద్రం రోడ్డుకి పోతారు. వద్దని ఒకసారి చెప్పాను. హెల్మెట్ పెట్టుకుంటాలే అక్కా అంది. పెట్టుకుంటుందో లేదో, జుట్టు నలుగుతుందంటుంది.

భయం పోలేదు, చోటు మారింది. ఆమె ఫోన్‌లో తన నంబరు పక్కన అందరికీ కనబడే బొమ్మను రెండు మూడు రోజులకోసారి మారుస్తుంది. ఒకసారి తను, ఒకసారి అవ్వ, ఒకసారి కొట్లోని ప్లాస్టిక్ బొమ్మ తలకు కట్టిన రిబ్బను. పొద్దున లేచి కాఫీ పెట్టేముందు అది చూస్తాను. మారితే ఆమె ఉన్నట్టు. పోయిన వారం నాలుగు రోజులు అవ్వ బొమ్మే ఉంది. ఐదో రోజు స్టూడియో తెరిచి, కుర్చీలో కూర్చుని, ఫోన్ చేశాను. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి చెయ్యడానికి వేలు రాలేదు. తాళాల గుత్తి పక్కన పెట్టి, మళ్ళీ తీసి, చేశాను.

"కొట్లో ఉండా అక్కా. ఓనరు చూస్తా ఉండాడు. ఏంది, చెప్పు."

ఏమీ లేదన్నాను. వెనక ఎవరో చీర మడత విప్పుతున్న చప్పుడు, ఇంకో రంగు చూపించమని ఒక ఆవిడ అడగడం వినబడ్డాయి. ఆమె ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయింది. నేను పెట్టెయ్యకుండా వింటూ కూర్చున్నాను.